కుటుంబ సమేతంగా, విడివిడిగా

నగరంలో జనం పార్కుకి వస్తున్నారు గానీ సరిగ్గా ఆనందించడం లేదన్న సంగతి నగరపాలక సంస్థ దృష్టికి వచ్చింది.

తెచ్చింది పైనుంచి దిగిన నిపుణుల బృందం. వాళ్లొక ఆదివారం సాయంత్రం గోదావరి గట్టు పక్కనున్న పెద్ద పార్కులో తిరిగి, చూసి, నివ్వెరపోయారు. పిల్లల ఉయ్యాల మీద ఒక పెద్దాయన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ధ్యానం కోసం కట్టిన పాకలో ఒకాయన గురక పెడుతున్నాడు. నడక బాట మధ్యలో ఒక కుటుంబం చతికిలబడి మరమరాల మిక్చరు తింటోంది. ఎవరికి తోచినట్టు వాళ్లు, ఎక్కడ పడితే అక్కడ సంతోషంగా ఉన్నారు. ఇంత విచ్చలవిడి సంతోషం తాము ఏ నగరంలోనూ చూడలేదని బృందం నాయకుడు చాలా బాధపడ్డాడట.

దాంతో పార్కుని మండలాలుగా విభజించారు. నవ్వడానికొకటి, నడవడానికొకటి, పిల్లలకొకటి, పెద్దలకొకటి. మధ్యమధ్య కొబ్బరితాళ్లు కట్టి, క్రోటన్ మొక్కలు నాటి, దానికి శాస్త్రీయ కుటుంబ వినోద వనం అని పేరు పెట్టారు. ఆహ్లాద పర్యవేక్షణాధికారిగా పరాంకుశరావుగారిని వేశారు. ఆయన అంతకుముందు మురుగు కాలవల విభాగంలో ఉండేవారు. ఏది ఎటు పారాలో నిర్ణయించడంలో ఆయనకి మంచి పేరుంది.

ఇవేవీ సుభాషిణికి తెలియవు. ఆవిడ ధ్యాసంతా కార్తీక మాసం ఆఖరి ఆదివారం మీదే ఉంది. ఆ వేళ ఏమైనాసరే పార్కులో ఉసిరి చెట్టు కింద వనభోజనం జరిగి తీరాలని ఆవిడ అత్తగారు మంగతాయారు పట్టుబట్టింది. జరగాల్సింది నిజానికి భోజనం కాదు. మంగతాయారు కొడుకులిద్దరూ ఒక వరసలో కూర్చోవాలి.

పెద్దవాడు వీరభద్రం, సుభాషిణి భర్త. చిన్నవాడు గంగాధరం. గంగాధరం ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్న రోజున వీరభద్రం ముహూర్తం దాటిపోయాక వచ్చాడు. అప్పటికే పాలు పొంగించేశారు. "పెద్దవాణ్ని, నాకోసం కాసేపు ఆగలేకపోయారా?" అన్నాడాయన. "సొంత తమ్ముడి ఇంట్లో శుభకార్యానికి వేళకి రాలేకపోయావా?" అన్నాడు ఈయన. అంతే. వీరభద్రం విస్తరి ముందు కూర్చోకుండా వెళ్లిపోయాడు. కొత్తింట్లో మొదటి బంతిలో అన్నయ్య అన్నం తినకుండా పోయాడన్న మాట గంగాధరం మనసులో ముల్లులా దిగిపోయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ల పెళ్లాలు మాత్రం మొగుళ్లకి తెలియకుండా ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"ఇంట్లో తినమంటే ఎవరింట్లో అని లేస్తారు. పార్కు ఎవడబ్బ సొత్తూ కాదు కదా, అక్కడ కూచోబెడదాం" అంది మంగతాయారు. కొడుకులిద్దరూ తల్లి మాట కాదనలేక సరేనన్నారు. తింటాం గానీ మాట్లాడం అని చెరో వైపునుంచీ కబురు పెట్టారు. ఇది కూడా తప్పిపోతే మళ్లీ ఏడాది దాకా ఇద్దర్నీ ఒకచోటికి లాక్కురావడం తన వల్ల కాదని సుభాషిణికి తెలుసు. అత్తగారికి ఆ ఏడాది మోకాళ్లు కూడా మొరాయించాయి. అందుకే ఆవిడ తెల్లవారక ముందే లేచి పులిహోర కలిపింది, పనసపొట్టు ఆవపెట్టి వండింది, కందా బచ్చలీ చేసింది, పరమాన్నం దించింది. ఉసిరికాయ పచ్చడి మంగతాయారే స్వయంగా నూరింది.

మొత్తం ఏడుగురు, కారియర్లతో, అరటాకుల కట్టతో గేటు దగ్గరికి చేరారు. వీరభద్రం, గంగాధరం ఆ గుంపుకి ఈ చివరొకరు, ఆ చివరొకరు నిలబడ్డారు.

గేటు దగ్గర కాపలావాడు అప్పన్న అడ్డొచ్చాడు. "కుటుంబమాండీ, సమూహమాండీ?"

"సమూహమేంట్రా? నా కొడుకులూ కోడళ్లూ మనవరాళ్లూ" అంది మంగతాయారు.

అప్పన్న గేటు పక్కనున్న బోర్డు చూపించాడు. దానిమీద ఒక నాన్న, ఒక అమ్మ, ఒక బాబు, ఒక పాప చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. "ఆ నలుగురైతే కుటుంబమండి. ఆపైన ఎంతమందున్నా సమూహమేనండి. సమూహానికి పోలీసోరి పర్మిషను కావాలండి."

"మరి నేనెక్కడున్నాన్రా అందులో?"

అప్పన్న బోర్డుని మరోసారి శ్రద్ధగా చూశాడు. "మీరు లేరండి మామ్మగారూ" అన్నాడు నొచ్చుకుంటూ.

అంతలో పరాంకుశరావుగారే వచ్చారు. విషయం విని, కళ్లు మూసుకుని ఆలోచించి, తీర్పు చెప్పారు. "లోపలికి వెళ్లాక వీరు కుటుంబంగానూ ఉండరు, సమూహంగానూ ఉండరు. ఎవరి మండలానికి వారు కేటాయింపబడతారు. కావున ప్రవేశానికి అభ్యంతరం లేదు."

"అదేంటండీ? మేం కలిసి భోంచెయ్యడానికి వచ్చాం" అంది సుభాషిణి.

"తప్పకుండానమ్మా. కలిసి అనే భావనను మేము తొలగించలేదు. వికేంద్రీకరించాము." ఆయన గొంతు సవరించుకున్నారు. "కుటుంబంలో ఒక్కొక్కరి ఆనందం ఒక్కొక్క వేగంతో ఉంటుంది. మామ్మగారి ఆనందం నెమ్మదిగా నడుస్తుంది. పాప ఆనందం పరుగెడుతుంది. రెండూ ఒకే బాటలో వెళితే ట్రాఫిక్ సమస్య. అందుకని ముందు విడదీస్తాము. ఎవరికి వారు పూర్తిగా ఆనందించాక బయట గేటు దగ్గర కలుసుకుని, ఆనందించిన విషయం పరస్పరం తెలియజేసుకోవచ్చు."

అందరి చేతులకీ రంగు రిబ్బన్లు కట్టారు. మంగతాయారు అది ఏదో గుళ్లో తోరం అనుకుని కళ్లకద్దుకుంది. కారియర్లూ అరటాకులూ ఒక తోపుడు బండి మీదికెక్కాయి.

"అవెక్కడికండీ?" సుభాషిణి కంగారుపడింది.

"ఆహారం ఆహార మండలంలో సురక్షితంగా ఉంటుంది."

"మరి తినేదెక్కడ?"

"స్వీకరణ మండలం రెండో దశలో ప్రతిపాదించాం."

"రెండో దశ ఎప్పుడండీ?"

"మొదటి దశలో ప్రజల స్పందనను బట్టి" అన్నారు పరాంకుశరావుగారు.

సుభాషిణికి ఒళ్లు మండింది. ఐనా వెనక్కి పోదామంటే వరసలో ఆ చివరనున్న మరిది ఎప్పుడు వంక దొరుకుతుందా, ఎప్పుడు స్కూటరెక్కుదామా అన్నట్టున్నాడు. ముందు ఇద్దర్నీ గేటు దాటించేస్తే తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది. పంటి బిగువున లోపలికి నడిచింది.

తోడికోడళ్లిద్దరినీ ఉల్లాస మండలానికి పంపారు. అక్కడ మెడలో విజిల్ వేసుకున్న ఒక శిక్షకురాలు ఆడవాళ్లందరినీ వరసల్లో నిలబెట్టి నవ్విస్తోంది. విజిల్ ఊదగానే నవ్వాలి. మళ్లీ ఊదగానే ఆపాలి. గంగాధరం భార్య కనకవల్లి నవ్వు గొంతులోంచి వస్తోందనీ, పొట్టలోంచి రావాలనీ ఆ పిల్ల పట్టుబట్టింది.

"అక్కా, వీళ్లని చూస్తుంటే నిజంగా నవ్వొస్తోంది" అంది కనకవల్లి రహస్యంగా.

"ఆపుకోవే బాబూ, ఇంకా విజిలవ్వలేదు" అంది సుభాషిణి.

ఆపుకోలేకపోయారు. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వేశారు. శిక్షకురాలు వచ్చి, ఇది కార్యక్రమంలో లేని నవ్వు అనీ, ఇంకోసారి ఇలా జరిగితే బయటికి పంపాల్సి వస్తుందనీ హెచ్చరించింది.

క్రోటన్ల అవతల పెద్దల కోసం పెట్టిన జ్ఞాపకాల మండలం. అక్కడ్నుంచి మంగతాయారు గొంతు వినపడుతోంది.

"చేదు జ్ఞాపకాలకి ఇక్కడ అనుమతి లేదు మామ్మగారూ, తియ్యటివి మాత్రమే" అంటున్నాడెవరో.

"మరి మా అత్తగారిని ఎక్కడికెళ్లి జ్ఞాపకం చేసుకోమంటావు నాయనా?"

సుభాషిణి మునివేళ్ల మీద నిలబడి చూసింది. ఇంకాస్త దూరంలో ఉసిరి చెట్టు నిండా కాయలతో కనపడింది. దాని చుట్టూ తాడు కట్టారు. అది ప్రాణవాయు మండలమట. అక్కడ శ్వాస తీసుకోవడానికి తప్ప మరి దేనికీ అనుమతి లేదు. ఐదారుగురు పెద్దమనుషులు చేతులు కట్టుకుని, ఎవరో పోయినప్పుడు మౌనం పాటిస్తున్నట్టు నిలబడి గాలి పీలుస్తున్నారు. అందులో ఒకాయన తుమ్మాడు. ఆయన్ని వెంటనే బయటికి తీసుకెళ్లారు. ఆ చెట్టు కింద అరటాకులు పరవడం ఈ జన్మకి జరిగే పని కాదని సుభాషిణికి అర్థమైంది. అత్తగారికి ఏమని చెప్పాలో తోచలేదు.

అప్పుడే నడక బాట మీద అన్నదమ్ములిద్దరూ కనపడ్డారు.

అక్కడి పద్ధతి ప్రకారం మగవాళ్లు జంటలుగా నడవాలి. ఇంటిపేరు ఒకటే కాబట్టి వాళ్లిద్దర్నీ ఒక జంటగా కట్టారు. ఒకడు తూర్పుకీ ఒకడు పడమటికీ మొహాలు తిప్పుకుని పక్కపక్కనే నడుస్తున్నారు. వీరభద్రానికి మడమ నొప్పి. గంగాధరం ముందుకెళ్లిపోతాడు. జంట చెదిరిందని విజిల్ మోగుతుంది. ఆగి, అన్నయ్య వచ్చేదాకా ఆకాశంలోకి చూస్తూ నిలబడతాడు. ఇలా రెండు చుట్లు తిరిగేసరికి గంగాధరానికి ఓపిక నశించింది.

"కొంతమంది ఎప్పుడూ ఆలస్యమే" అన్నాడు ఆకాశంతో.

"కొంతమందికి ఆగడమన్నది పుట్టుకతోనే లేదు" అన్నాడు వీరభద్రం పక్కనున్న దీపస్తంభంతో.

"ముహూర్తం ఆగుతుందేంటి ఎవరికోసమైనా?"

"మనిషి ఆగొచ్చు కదా మనిషికోసం!"

పరాంకుశరావుగారు ఎక్కడ్నుంచి ఊడిపడ్డారో గాని వాళ్ల మధ్య ప్రత్యక్షమయ్యారు. "ఆగండి. ఇది సంభాషణ కాదు. ఇది అభిప్రాయభేదం. నడక బాట మీద అభిప్రాయభేదాలు నిషిద్ధం. దానికి వేరే మండలం ఉంది."

ఇంక ఇద్దరూ చెరో గేటునుంచీ వెళ్లిపోతారు, కారియర్లు కారియర్లలాగే ఇంటికి తిరిగొస్తాయి అనుకుంది సుభాషిణి. శిక్షకురాలు అటు తిరగగానే కనకవల్లి చెయ్యి పట్టుకుని, తాడు కిందనుంచి దూరి, మొక్కల చాటున ఆ వైపు పరుగెత్తింది.

అభిప్రాయభేదాల మండలం పార్కు మూల, పంపుసెట్టు గది వెనకాల ఉంది. ఎదురెదురుగా రెండు సిమెంటు కుర్చీలు. పక్కన పర్యవేక్షణకి ఒక స్టూలు. గేటు దగ్గర మనుషులు తగ్గారని దానిమీద అప్పన్నని వేశారు.

"ప్రారంభించిన వివాదాన్ని ఇక్కడ పూర్తి చేయాలి. సగంలో వదిలేసి ఇతర మండలాల్లోకి తీసుకువెళ్లడం వల్ల అక్కడి వాతావరణం కలుషితమవుతోంది. పూర్తయ్యేవరకు ఎవరూ బయటికి వెళ్లరాదు" అని చెప్పి పరాంకుశరావుగారు పక్కకి తప్పుకున్నారు.

అన్నదమ్ములు కూర్చున్నారు. పోట్లాడుకోమని ప్రభుత్వమే అధికారికంగా చెప్పేసరికి ఇద్దరికీ మాట పెగలలేదు. ఎవరి మోకాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"కానివ్వండి బాబూ, ఊరికే కూచుంటే నన్నంటారు" అన్నాడు అప్పన్న.

"ఏం కానివ్వమంటావు?" అన్నాడు గంగాధరం విసుగ్గా.

"ఎక్కడిదాకా వచ్చారో అక్కణ్నుంచే. మనిషి ఆగొచ్చు కదా అన్నారట ఈ బాబుగారు. మీరేమంటారు?"

గంగాధరం అప్పన్నకే చెప్పసాగాడు. "ఆగానయ్యా. నేను ఆగలేదని ఎవరన్నారు? పంతులుగారు కేకలేస్తున్నా వీధిలోకి మూడుసార్లు వెళ్లి చూసొచ్చాను. అన్నయ్య లేకుండా పాలు పొంగిస్తుంటే నాకేం సరదానా? కనకం గిన్నె పట్టుకుని ఏడుస్తోంది. అంతా అయిపోయాక వచ్చి, అందరి ముందూ నన్నే అంటాడా? అన్నాడు సరే, అన్నం ఏం చేసింది? నా ఇంట్లో అన్నం తినకుండా పోవడానికి నేనేం పగవాణ్నా?"

మొక్కల చాటున కనకవల్లి సుభాషిణి చెయ్యి గట్టిగా నొక్కింది.

వీరభద్రం కూడా అప్పన్న వైపే తిరిగాడు. "అసలు ఆలస్యం ఎందుకైందో అడిగాడా వీడు? ఒక్కమాట అడిగాడా? తెల్లారగట్ల లేచి ఆత్రేయపురం వెళ్లాను. వీడికి చిన్నప్పట్నుంచీ బెల్లం పూతరేకులంటే ప్రాణం. కొట్లో కొన్నవి కాదు, కళ్ల ముందు చుట్టించినవి తెచ్చి కొత్తింట్లో మొదట వీడి నోట్లో పెడదామనుకున్నా. వచ్చేప్పుడు కాలవ గట్టు మీద బస్సు ఆగిపోయింది. ఆటో దొరక్క నడిచాను. ఆ మడమ నొప్పి అప్పట్నుంచే."

సుభాషిణి అలాగే నిలబడిపోయింది. ఈ సంగతి ఆయన తనకి కూడా చెప్పలేదు. మడమకి రోజూ కాపడం పెడుతూ, ఎలా వచ్చిందండీ అని ఎన్నిసార్లడిగిందో!

గంగాధరం మెల్లగా తలెత్తాడు. ఈసారి అప్పన్నతో కాదు, అన్నయ్యతోనే అన్నాడు. "పూతరేకులా? మరి ఏవీ?"

"నీమీద కోపంతో తిరిగెళ్తూ ఆటోవాడికి ఇచ్చేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒక్కటైనా ఉంచకుండా? ఆటోవాడికా? బెల్లంవి?" గంగాధరం కుర్చీలోంచి లేచాడు. "నీకసలు బుద్ధుందా అన్నయ్యా!"

"లేదురా" అన్నాడు వీరభద్రం. "ఆటోలో కూచుని చాలాసేపు ఏడ్చాను కూడా."

గంగాధరం గబగబా వచ్చి అన్నయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. వీరభద్రం తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు. ఆ క్షణాన పొదల్లోంచి ఇద్దరు ఆడవాళ్లు ముక్కులు ఎగబీల్చిన చప్పుడు స్పష్టంగా వినపడింది. అప్పన్న కూడా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

విజిల్ గట్టిగా మోగింది.

"ఏమిటిది? ఏమిటిది?" పరాంకుశరావుగారు పరుగెత్తుకొచ్చారు. "ఇక్కడ రాజీ పడటమా? ఈ మండలం ఏర్పాటు చేసిన ఉద్దేశమేమిటి, మీరు చేస్తున్నదేమిటి?"

"వివాదం పూర్తయిందండి అయ్యగారూ" అన్నాడు అప్పన్న.

"పూర్తవడం వేరు, రాజీ వేరు. రాజీ పడితే సంతోషం కలుగుతుంది. సంతోషం ఉల్లాస మండలం పరిధిలోకి వస్తుంది. అది స్త్రీలకు మాత్రమే. పురుషులకు నడక ద్వారా కలిగే సంతృప్తి మాత్రమే మంజూరైంది." ఆయన నుదురు తుడుచుకున్నారు. ఇంతలో మొక్కల వెనక నుంచి తోడికోడళ్లు బయటికొచ్చారు. జ్ఞాపకాల మండలంనుంచి మంగతాయారు, అత్తగారి జ్ఞాపకాన్ని సగంలో వదిలేసి, పిల్లల మండలంనుంచి తప్పించుకొచ్చిన మనవరాళ్ల భుజాల మీద చేతులేసుకుని కుంటుకుంటూ వచ్చేసింది. కొడుకులిద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డం చూసి ఆవిడ అక్కణ్నుంచే ఉసిరి చెట్టుకి దణ్ణం పెట్టింది. ఏడుగురూ ఒకేచోట చేరేసరికి పరాంకుశరావుగారి మొహంలో రంగులు మారాయి.

"సమూహం!" అన్నారు. "దయచేసి తక్షణమే నిష్క్రమించండి. కారణం, అనుమతి లేని ఆనందం."

సుభాషిణి తిన్నగా ఆహార మండలానికెళ్లి, ఎవరు ఏమంటున్నా వినిపించుకోకుండా కారియర్లు చేతికెత్తుకుంది. గంగాధరం అరటాకుల కట్ట నెత్తిమీద పెట్టుకున్నాడు.

గేటు బయట ఫుట్‌పాత్ మీద ఒక కానుగ చెట్టుంది. దాని నీడ అంత గొప్పదేం కాదు. సుభాషిణి అత్తగారి వైపు బిక్కుబిక్కుమంటూ చూసింది. "ఉసిరి చెట్టు లోపలే ఉండిపోయింది అత్తయ్యగారూ."

"ఉసిరికాయ పచ్చడి ఉందిగా, చాల్లే" అంది మంగతాయారు. "ముందు ఆకులు వెయ్యవే అమ్మాయ్. వీళ్ల బుద్ధులు మళ్లీ మారకముందే."

గోడ పొడుగునా అరటాకులు పరిచారు. అందరూ కూర్చున్నారు. మాటలు కలిసినా అలవాటు పోలేదేమో, వీరభద్రం ఈ పక్క కూర్చుంటే గంగాధరం ఒక ఆకు పట్టేంత ఎడం వదిలి ఆ పక్క కూర్చున్నాడు. సుభాషిణి అది గమనించింది. పులిహోర వడ్డించింది. పనసపొట్టు కూర వాసన గేటు లోపలికి పోయింది. ప్రాణవాయు మండలంలో నిలబడ్డ పెద్దమనుషుల్లో ఇద్దరు ఇటు తిరిగి శ్వాస తీసుకోవడం మొదలుపెట్టారు.

పరాంకుశరావుగారు గేటు దాకా వచ్చి నిలబడ్డారు. ఫుట్‌పాత్ తన పరిధిలోది కాదు. వీళ్లు మళ్లీ లోపలికి వస్తారేమోనని చూడ్డానికే వచ్చానన్నారు. కానీ ఆయన చూపు మాత్రం కూరగిన్నె మీదనుంచి కదల్లేదు.

"నువ్వు తిన్నావా నాయనా?" అని అడిగింది మంగతాయారు.

ఆయన తటపటాయించారు. "నా కారియరు కూడా ఆహార మండలంలోనే ఉందండి. స్వీకరణ మండలం ఇంకా... పార్కు మొదలైనప్పట్నుంచీ సాయంత్రం ఇంటికెళ్లాకే తింటున్నాను."

"అయ్యో నీ మొహం! రా, కూచో."

పరాంకుశరావుగారు అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, వరసలోకొచ్చారు. ఆయన కంటికి మొదట కనపడింది అన్నదమ్ముల మధ్యనున్న ఖాళీ. ఖాళీ కనపడితే కేటాయించకుండా ఉండలేని మనిషి. ప్యాంటు మడిచి అక్కడ కూర్చోబోయారు.

"ఆగు!" మంగతాయారు కేకకి వీధిలో పోయే సైకిలు కూడా ఆగింది. "అక్కడ కాదు. ఆ చివర కూచో. అక్కడెవరూ కూచోకూడదు."

"ఎందుకండీ?"

"అది నా మండలం" అంది ఆవిడ. "అందులో ఎవరికీ పర్మిషను లేదు."

పరాంకుశరావుగారు సగం కూర్చున్నవారే లేచి, వరస చివరికెళ్లి కూర్చున్నారు. ఆయన ఆకులో సుభాషిణి పులిహోర వడ్డించింది. ఇటుపక్క గంగాధరం తన ఆకుని రెండు చేతులతో పట్టుకుని, ఒక్క మెతుకు కూడా జారకుండా, కూర్చున్నవాడు కూర్చున్నట్టే అన్నయ్య పక్కకి జరిగాడు.